ట్రాయ్‌లో తొంభై ఒక్క డిగ్రీలు

ఆ బుధవారం పొద్దున వీరాంజనేయులు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఏడు గంటలకి పెరట్లోకి వెళ్ళాలి. తెల్ల పెట్టె తలుపు తీసి నిన్నటి ఎండ ఎంత, రాత్రి చలి ఎంత, వాన ఎంత అన్నది చూసి కాగితం మీద రాయాలి. లోపలికొచ్చి కాఫీ తాగాలి. ఆఫీసుకి పోవాలి. ఇందులో గందరగోళానికి చోటెక్కడుంది? మిషిగన్ రాష్ట్రంలోని ట్రాయ్ ఊళ్ళో ఆయన ఇరవై ఏళ్ళుగా రోజూ చేస్తున్న పనే ఇది.

పెట్టె ఆయనది కాదు, వాతావరణ కార్యాలయం వాళ్ళది. కొయ్య కాళ్ళ మీద మనిషి ఎత్తున, గాలి ఆడేటట్టు చుట్టూ సందుల చెక్కలతో నిలబడి ఉంటుంది. లోపల రెండు థర్మామీటర్లు. ఒకటి రోజు మొత్తం మీద ఎక్కువలో ఎక్కువ వేడి ఎంతో చూపించి అక్కడే ఆగిపోతుంది. రెండోది తక్కువలో తక్కువ చూపిస్తుంది. అమెరికాలో ఇలాంటి పెరళ్ళు వేలకొద్దీ ఉన్నాయి. జీతం లేదు, భత్యం లేదు. రోజూ రాసి ఫోన్‌లో అంకె పంపాలి, నెలాఖరుకి కాగితం పంపాలి. దేశంలో మార్చి ఎంత వెచ్చగా గడిచింది, ఏప్రిల్‌లో ఎంత వాన కురిసింది అని పేపర్లలో వచ్చే లెక్కల వెనకాల ఇలాంటి పెరళ్ళు ఉంటాయని చాలామందికి తెలియదు. ట్రాయ్‌లో తెలుగువాళ్ళకి మాత్రం తెలుసు. వీరాంజనేయులు చెప్పకుండా ఎవరినీ వదిలిపెట్టలేదు.

ఇరవై ఏళ్ళలో ఆయన ఒక్క రోజు తప్పలేదు. నూట మూడు జ్వరంలో కూడా దుప్పటి కప్పుకుని వెళ్ళి మంచు కొలిచిన మనిషి. ఇండియాకి పద్మ ఒక్కతే వెళ్ళి వచ్చేది. సొంత బావమరిది పెళ్ళికి కూడా ఈయన పోలేదు. ఆ సంగతి పద్మ నెలకోసారి గుర్తు చేస్తుంది, సరిగ్గా ఆయన నెలాఖరు కాగితం కవర్లో పెట్టే సమయానికి. వచ్చే శనివారం తెలుగు సంఘం ఉగాది సంబరాల్లో, ఆరువందల మంది ముందర, ఇరవై ఏళ్ళ సేవకి గాను ఆయనకి ఫలకం ఇవ్వబోతున్నారు. అసలు ఉగాది వెళ్ళి పదిరోజులైంది. కానీ అమెరికాలో ఉగాది తిథిని బట్టి రాదు, స్కూలు ఆడిటోరియం ఖాళీని బట్టి వస్తుంది.

సరే, పెట్టె తలుపు తీశాడు. థర్మామీటరు తొంభై ఒకటి చూపిస్తోంది.

వీరాంజనేయులు అదిరిపడ్డాడు. ఇది ఫారన్‌హీట్ లెక్క. మన లెక్కలో చెప్పాలంటే ముప్పైమూడు. ఏప్రిల్ రెండో వారంలో, గడ్డి మీద ఇంకా తెల్లారిగట్ల మంచు పేరుకునే ఊళ్ళో, బెజవాడ శివరాత్రి నాటి ఎండ. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. థర్మామీటరు గాజు మీద ఏదో జిడ్డుగా ఉంటే జేబురుమాలుతో దాన్నీ తుడిచాడు. పూల పుప్పొడి పడక వసంతమంతా ఆయనకి ముక్కు దిబ్బడ, అందుకని ఆ జిడ్డు ఏ వాసన వేస్తోందో తెలియలేదు. అంకె మాత్రం మారలేదు.

నిన్న నిజంగా అంత ఎండ కాసిందా అంటే, చెప్పడానికి ఆయన నిన్న బయట ఉంటే కదా. ఆయన పనిచేసేది కార్ల సీట్ల కంపెనీలో. సీటు కింద వేడి తీగలు గడ్డకట్టే చలిలో ఎలా పనిచేస్తాయో పరీక్షించే ఐసు గదిలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉంటాడు. అందులోంచి బయటికొచ్చిన మనిషికి జనవరిలో కూడా పార్కింగ్ లాట్ హాయిగానే ఉంటుంది.

వంటింట్లోకి వచ్చి భార్యని అడిగాడు.

"నిన్న బయట వేడిగా ఉందా?"

పద్మ మినప్పిండి జల్లిస్తూ తల ఎత్తలేదు. "వేడా, చెమటలు కారిపోయాయి. పదకొండు నుంచి నాలుగు దాకా బయటే ఉన్నాం, నేనూ రేణూ. తల మీంచి ఆవిర్లు."

"నిజంగా?"

"కావాలంటే రేణుని అడగండి."

రేణు రెండు వీధుల అవతల ఉంటుంది, వరంగల్ మనిషి, పద్మకి ప్రాణ స్నేహితురాలు. అప్పటికప్పుడు ఫోన్ చేశాడు. "మస్తు ఉడకపోసింది అన్నా," అంది రేణు. "చున్నీతోని విసురుకున్నం. కోటు ఇప్పి పక్కన పెట్టిన నేను."

ఇద్దరు సాక్షులు, ఒక థర్మామీటరు. ఇంకేం కావాలి? ఇద్దరాడవాళ్ళు అయిదు గంటలపాటు బయట ఏం చేస్తున్నారని అడగాలన్న బుద్ధి ఆయనకి పుట్టలేదు. రికార్డు దొరికినవాడికి అలాంటి చిల్లర ప్రశ్నలు తట్టవు. "కంటితో చూసింది రాయాలి, మనసుకి తోచింది రాయకూడదు" అని ఇరవై ఏళ్ళుగా అందరికీ చెబుతున్న మాటే తనకి తాను చెప్పుకుని, కాగితం మీద 91 అని రాసి, ఫోన్‌లో పంపించేశాడు.

మధ్యాహ్నం ఐసు గది బయట కోటు విప్పుకుంటుండగా ఫోన్ వచ్చింది. వాతావరణ కార్యాలయంలో పనిచేసే స్మృతి. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్ల, శనివారం ఫలకం పట్టుకొచ్చేది ఆమే.

"అంకుల్, మీరు నైంటీ వన్ రాశారు. ఎయిర్‌పోర్ట్‌లో ఫార్టీ సెవెన్ మాత్రమే ఉంది. ఇది కరెక్టేనా?"

"నేను చూసింది రాశానమ్మా."

"కానీ అంకుల్, మన కౌంటీలో ఏ ఏప్రిల్‌లో కూడా ఈ వీక్ ఇంత లేదు. నేను మొత్తం చూశాను."

"ఇప్పటిదాకా లేదు. ఇప్పుడొచ్చింది. రికార్డంటే అదే కదా."

"ఓకే అంకుల్. నేను రివ్యూకి పంపాలి," అంది స్మృతి. ఆ గొంతులో ఉన్నది గౌరవం అనుకున్నాడు వీరాంజనేయులు.

గురువారం పొద్దున థర్మామీటరు ఎనభై ఎనిమిది చూపించింది. ఈసారి ఆయన అదిరిపడలేదు, మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. పెట్టె ఫొటో తీసి తెలుగు సంఘం వాట్సప్ గ్రూపులో పెట్టాడు. గంటలో అది ఊరంతా చుట్టేసింది. ఎవరో కోట్లు అటకెక్కించారు. ఎవరో ఏసీ మనిషిని పిలిచారు. పక్కింటి అమెరికన్ ముసలాయన, పాపం, మే నెలాఖరు దాకా గరాజ్‌లో దాచుకోవలసిన టమాటా మొక్కల్ని తెచ్చి మడిలో నాటేశాడు. అవి ఆ రాత్రే వాలిపోయాయి.

సాయంత్రానికి ఇంటి ముందర స్థానిక టీవీ వాళ్ళ వ్యాన్ ఆగింది. మైకు పట్టుకున్న అమ్మాయి మోకాళ్ళ దాకా కోటు, తల మీద ఉన్ని టోపీ వేసుకుని ఉంది. వీరాంజనేయులు మాత్రం పొట్టి చేతుల చొక్కాతో దిగాడు. తొంభై ఒకటి నమోదు చేసిన మనిషి స్వెట్టర్ వేసుకుంటే రికార్డు పరువేం కావాలి? పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే అయిదు నిమిషాలు మాట్లాడాడు. మధ్యాహ్నం పూట ఈ పెరటి చుట్టూ వేడి గూడు కట్టుకుంటోందని, సాయంత్రానికి చెదిరిపోతోందని, ఇది శాస్త్రజ్ఞులు తేల్చవలసిన విషయమని చెప్పాడు. రెండు రోజుల కింద ఆయనకే తెలియని విషయాలు చాలా చెప్పాడు.

టీవీ వాళ్ళు వెళ్ళగానే లోకేష్ వచ్చాడు. లోకేష్ తెలుగు సంఘం అధ్యక్షుడు. ముఖం వేలాడేసుకుని ఉన్నాడు.

"సర్, స్కూల్‌లో పైప్ పగిలింది. ఆడిటోరియం నిండా నీళ్ళు. శనివారం ఇవ్వలేం అన్నారు."

"మరెలా?"

"పార్క్‌లో ఓపెన్ స్టేజ్ ఖాళీ ఉంది. గుడి కింది హాల్ కూడా ఉంది కానీ ఆరువందల మంది పట్టరు. పార్క్ బుక్ చేద్దామంటే ఫోర్‌కాస్ట్ చూస్తే నలభై, స్లీట్ అంటోంది, మంచూ వానా కలిసి. పట్టుచీరల వాళ్ళు, కూచిపూడి పిల్లలు. నాకు భయంగా ఉంది సర్. మీ పెట్టె చూస్తే తొంభై అంటోంది. మీరు ఒక్క మాట చెప్పండి."

వీరాంజనేయులు కుర్చీలో వెనక్కి వాలాడు. ఇరవై ఏళ్ళుగా ఆయన వాతావరణం గురించి మాట్లాడితే జనం లేచి నీళ్ళు తాగడానికి వెళ్ళేవాళ్ళు. మొదటిసారి ఒక మనిషి ఇంటికొచ్చి అడుగుతున్నాడు.

"ఫోర్‌కాస్ట్ ఊహ, లోకేష్. రికార్డు నిజం. పార్కే బుక్ చేయి."

"మీ మాట మీద చేస్తున్నా సర్."

"చేయవయ్యా."

లోకేష్ అక్కడికక్కడే ఆరువందల మందికి మెసేజ్ కొట్టాడు. కింద వీరాంజనేయులు పేరు కూడా వేశాడు. పద్మ లోపల్నించి ఒక పళ్ళెంలో జంతికలు తెచ్చి లోకేష్ ముందు పెట్టింది. సంబరాలకి వచ్చే ప్రతి కుటుంబానికీ ఒక పొట్లం ఇవ్వాలని నలభై కిలోల పిండితో మంగళవారం నుంచీ ఆమే వండుతోంది. వంటంతా రేణు గరాజ్‌లో జరుగుతోందని వీరాంజనేయులు నమ్మకం. సోమవారం దాకా అనుకున్నదీ అక్కడే.

శుక్రవారం పొద్దున తొంభై మూడు. అది రాసి పంపి ఇంట్లో అడుగు పెట్టాడో లేదో స్మృతి ఫోన్ చేసింది. ఈసారి గొంతు వేరుగా ఉంది.

"అంకుల్, నేను ఈరోజు ఎలెవెన్‌కి మీ ఇంటికి వస్తున్నాను. ఇన్‌స్ట్రుమెంట్ చెక్ చేయాలి. హెడ్ ఆఫీస్ వాళ్ళు మీ స్టేషన్ మొత్తం చూశారు. ఓన్లీ ఈ మూడు రోజులు కాదు, పాతవి కూడా. ఓల్డ్ రికార్డ్‌లో కూడా ప్రాబ్లం ఉంది అంటున్నారు."

"ఏం ప్రాబ్లం?"

"నేను వచ్చి చెప్తాను. కానీ అంకుల్, రీజన్ దొరక్కపోతే మొత్తం తీసేస్తారు. ఇరవై ఇయర్స్. అవార్డ్ కూడా ఆపమన్నారు. ఐయాం సారీ."

ఫోన్ పెట్టేశాక వీరాంజనేయులు సోఫాలో కూర్చుండిపోయాడు. ఇరవై ఏళ్ళంటే ఏడువేల మూడువందల పొద్దులు. బావమరిది పెళ్ళి. ప్రతి మార్చీ, ప్రతి ఏప్రిలూ, పెన్సిలుతో, ఒక్క గడి ఖాళీ లేకుండా. వాటి మీద అడ్డంగా గీత కొట్టేస్తారట. ఆఫీసుకి వెళ్ళకపోతే పద్మ కారణం అడుగుతుంది, చెప్పే ధైర్యం లేదు. అందుకని ఎప్పట్లాగే కారెక్కి, ఊళ్ళో ఒక కాఫీ షాపులో కూర్చుని, పదకొండింటికి తిరిగి వచ్చాడు.

స్మృతి అప్పటికే వాకిట్లో నిలబడి ఉంది. చేతిలో ఒక పెట్టె, చంకలో లాప్‌టాప్. ఇద్దరూ మాటల్లేకుండా ఇంటి పక్క నుంచి పెరట్లోకి నడిచారు. మూల మలుపు తిరిగారు.

అక్కడ వీరాంజనేయులు కొయ్యబారిపోయాడు.

తెల్ల పెట్టెకి సరిగ్గా కిందుగా, రెండు బర్నర్ల గ్యాస్ స్టవ్ భగభగా మండుతోంది. దాని మీద గంగాళమంత మూకుడు. మూకుడు నిండా సలసలా కాగుతున్న నూనె. పద్మ కొంగు బిగించి జంతికల గొట్టం తిప్పుతోంది, రేణు చిల్లుల గరిటెతో ఎర్రగా వేగినవి తీసి పళ్ళెంలో వేస్తోంది. నూనె పొగ తిన్నగా పైకి లేచి, ఒక సందు చెక్క దగ్గర పెట్టెలోకి దూరి, రెండో వైపు నుంచి తాపీగా బయటికి వస్తోంది. పెట్టె మీద ఉతికి ఆరేసిన రెండు చేతిగుడ్డలు కూడా ఉన్నాయి.

పద్మ తలెత్తి చూసింది. "ఏమండీ, ఇంత తొందరగా వచ్చారేం?"

వీరాంజనేయులు స్టవ్ వైపు వేలు చూపించాడు. ఈ పెట్టె చుట్టూ ఇరవై అడుగుల మేర ఏమీ పెట్టకూడదని, పెళ్ళాంతో సహా ఎవరూ నిలబడకూడదని, ఒకప్పుడు సుద్దతో గిరి గీసిన మనిషి.

"ఇక్కడ... ఇక్కడెందుకు పెట్టావు?" అన్నాడు.

"మరెక్కడ పెట్టను? ఇంట్లో పొగ అలారం. రేణు గరాజ్‌లో వాళ్ళాయన కొత్త కారు పెట్టాడు. వెనక చెక్కల డెక్ మీద గాలికి మంట నిలవదు. ఈ కంచె మూల ఒక్కటే గాలి కొట్టని చోటు."

"చెమటలు పట్టాయన్నావే."

"మూకుడు ముందు నిలబడితే పట్టవా?"

"మరి నువ్వమ్మా రేణూ, ఉడకపోసిందన్నావు."

"పోసింది అన్నా," అంది రేణు. "గిప్పుడు గూడ పోస్తున్నది."

"టీవీలో వచ్చింది కదే. ఈ పెరట్లో వేడని చెప్పానే. నీకు అనుమానం రాలేదా?"

"మీరే అన్నారు కదా రికార్డని. నాకూ వేడిగానే ఉంది. నమ్మాను," అంది పద్మ.

స్మృతి మెల్లిగా వెళ్ళి పెట్టె తలుపు తీసింది. వాము వాసన గుప్పుమంది. థర్మామీటరు తొంభై నాలుగు దాటి పైకి పోతోంది. ఆమె తను తెచ్చిన థర్మామీటరుని కంచె అవతల పట్టుకుని చూసింది. నలభై మూడు. పద్మకి ఏదో అపరాధం జరిగిందని తెలిసింది కానీ ఎంతటిదో తెలియలేదు. అందుకని ఇలాంటప్పుడు చెయ్యవలసిన పని చేసింది. వేడి వేడి జంతికలు ఒక ప్లేటులో పెట్టి స్మృతి చేతికిచ్చింది.

స్మృతి ఒకటి కొరికింది. రెండోది కొరుకుతూ అరుగు మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచింది.

"అంకుల్, ఈ మూడు రోజులు ఓకే, అర్థమైంది. కానీ పాతవి చూడండి. ప్రతి స్ప్రింగ్‌లో ఒక రోజు మీ దగ్గర పది, పదిహేను డిగ్రీస్ ఎక్కువ. చుట్టూ ఎక్కడా లేదు. స్ప్రింగ్‌లో టెంపరేచర్ అటూ ఇటూ అవుతుంది కదా, సో ఎవరూ పట్టుకోలేదు. కానీ డేట్ చూడండి. 2012 మార్చ్ ఇరవైమూడు. 2013 ఏప్రిల్ పదకొండు. 2016 ఏప్రిల్ ఎనిమిది. 2023 మార్చ్ ఇరవై రెండు. 2024 ఏప్రిల్ తొమ్మిది. ఏడాదికి పది, పదకొండు రోజులు వెనక్కి వస్తుంది. రెండు మూడేళ్ళకి ఒకసారి దాదాపు ఇరవై రోజులు ముందుకి జంప్ చేస్తుంది. ఇలాంటి వెదర్ వరల్డ్‌లో లేదు అంకుల్. ఒక ప్రొఫెసర్ దీని మీద పేపర్ రాస్తున్నారు. లేక్ మీద ఐస్ కరగడం వల్ల అని ఆయన థియరీ."

పద్మ మూకుడు వైపు చూస్తూనే అంది, "అవి ఉగాదులు."

అందరూ ఆమె వైపు తిరిగారు.

"ఆ తారీకులన్నీ ఉగాదులమ్మా. పండక్కి బూరెలు, గారెలు వండుతాను కదా. రెండు కిలోలే, ఇంటి మట్టుకి."

వీరాంజనేయులు అరుగు అంచు పట్టుకున్నాడు. దేశం లెక్కల్లో ఇరవై వసంతాలుగా తను పోస్తూ వచ్చింది వాతావరణం కాదు, పండగ వంట.

స్మృతి గబగబా వేళ్ళు ఆడించింది. "కానీ ఆంటీ, 2015లో లేదు. 2022లో కూడా లేదు."

"ఆ ఏళ్ళు శనివారం వచ్చింది. ఈయన ఇంట్లో ఉన్నారు. స్టవ్ డెక్ మీదే పెట్టుకుని గాలితో తంటాలు పడ్డాను."

"2020?"

"లాక్‌డౌన్. ఇరవై నాలుగ్గంటలూ ఇంట్లోనే. పెరట్లో ఒక్క అప్పడం వేయించనిస్తే కదా."

"సెప్టెంబర్‌లో కూడా కొన్ని ఉన్నాయి ఆంటీ."

"వినాయక చవితి. దీపావళివి కూడా ఉంటాయి చూడు."

రేణు చిల్లుల గరిటె చేత్తో పట్టుకుని నిలబడిపోయింది. స్మృతి మొహంలో మాత్రం రంగు వచ్చింది. "అంకుల్, రీజన్ దొరికింది కదా. ఏ రోజు కుకింగ్ ఉందో ప్రూఫ్ ఉంటే, ఆ రోజులు మాత్రం తీసేసి మిగతావి ఉంచుతారు. కానీ రాసి ఉండాలి. గుర్తుంది అంటే హెడ్ ఆఫీస్ ఒప్పుకోదు. రాసింది ఏమైనా ఉందా?"

వీరాంజనేయులు నీరుగారిపోయాడు. ఇంట్లో ఏదైనా రాసేవాడు తనొక్కడే అని ఆయన ఉద్దేశం. తను రాయవలసింది ఏం రాశాడో ఇప్పుడే చూశారు.

పద్మ స్టవ్ ఆర్పింది. చెయ్యి కొంగుకి తుడుచుకుని, "లోపలికి రామ్మా," అంది.

వంటింటి అలమర తెరిచి, కింది అరలోంచి కందిపప్పు డబ్బా తీసి గట్టు మీద పెట్టింది. డబ్బా కింద పరిచిన కాగితం లాగింది. పసుపు మరకలు పడ్డ తెలుగు క్యాలెండర్, 2013, ఏప్రిల్. పదకొండో గడిలో సన్నటి అక్షరాలతో "బూరెలు 2 కి. గారెలు. గ్యాస్ అయిపోయింది" అని ఉంది. ఇరవై ఏళ్ళ క్యాలెండర్లూ అక్కడే ఉన్నాయి, పప్పుల కింద, ఊరగాయల కింద, పోపుల డబ్బా కింద. పాలు ఎప్పుడు అయిపోయాయో, గ్యాస్ బండ ఎప్పుడు మార్చిందో, పెరట్లో ఏ రోజు ఎన్ని కిలోలు వేయించిందో ఒక్కటి వదలకుండా రాసి ఉంది.

తర్వాత రెండు గంటలు వాతావరణ కార్యాలయం ఉద్యోగి ఆ వంటింటి నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని డబ్బాలు ఎత్తి పెడుతూ కాగితాలు లాగింది. రేణు తారీకులు చదివింది. వీరాంజనేయులు తన కాగితాలు తెచ్చి పక్కన పెట్టి సరిచూశాడు. ఒక్కో తారీకు కలిసినప్పుడల్లా ఆయన ముఖం ఒక్కో ఛాయ తగ్గుతూ వచ్చింది. మొత్తం నలభై ఒక్క రోజులు తేలాయి. ఆయనకి అంతుబట్టని విషయం ఒకటే. తను ఏడువేల మూడువందల పొద్దులు ఆ పెట్టెలోకి చూస్తుంటే, పెట్టె కింద ఏం జరుగుతోందో రాసిన మనిషి వెనకాల వంటింట్లో ఉంది.

"ఎప్పుడూ చెప్పలేదేం?" అన్నాడు నెమ్మదిగా.

"ఎప్పుడు అడిగారు?" అంది పద్మ.

ఇక మిగిలింది లోకేష్. ఆ ఫోన్ చేసేముందు వీరాంజనేయులు రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగాడు.

"లోకేష్, పార్క్ వద్దు."

"ఏమైంది సర్?"

"ఆ తొంభై ఒకటి ఎండ కాదయ్యా. జంతికలు."

"మీరు ఎక్కడున్నారు సర్? పక్కన ఆంటీ ఉన్నారా?" అన్నాడు లోకేష్ జాగ్రత్తగా. పద్మ ఫోన్ తీసుకుని సంగతంతా చెప్పింది. సాయంత్రం ఆరువందల మందికి ఇంకో మెసేజ్ వెళ్ళింది. అందులో వీరాంజనేయులు పేరు లేదు. దానికి ఆయన లోకేష్‌కి జన్మంతా రుణపడి ఉన్నాడు.

శనివారం ఫోర్‌కాస్ట్ చెప్పినట్టే నలభై డిగ్రీలు, స్లీట్. గుడి కింది హాల్లో ఆరువందల మంది పట్టరన్నది అబద్ధమని తేలింది. ఒకరి కోటు మీద ఒకరు కూర్చుంటే పట్టారు. కూచిపూడి పిల్లలు రెండు గజాల జాగాలో ఆడారు. జంతికల పొట్లాలు మొదటి అరగంటలోనే ఖాళీ అయ్యాయి. ఊళ్ళో ఒక్కరికి కూడా కథ తెలియకుండా లేదు, రేణు ఉంది కనుక. వీరాంజనేయులు చివరి వరసలో తలుపు పక్కన కూర్చున్నాడు. ఫలకం రాదని ఆయనకి తెలుసు. నలభై ఒక్క తప్పులు చేసినవాడికి ఎవరిస్తారు?

స్మృతి వేదిక ఎక్కి ఆయన పేరు పిలిచింది. ఆయన లేవలేదు. మళ్ళీ పిలిచింది. పద్మ మోచేత్తో పొడిస్తే లేచి, కోట్లు తొక్కుకుంటూ ముందుకి వెళ్ళాడు.

"హెడ్ ఆఫీస్ ఒప్పుకుంది అంకుల్," అంది స్మృతి మైకు పక్కకి పెట్టి. "నలభై ఒక్క రోజులు తీసేశారు. మిగతావి అన్నీ ఉన్నాయి."

వీరాంజనేయులు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మరి ఈ ఫలకం? నేను తప్పులు రాశాను కదమ్మా."

"ఈ అవార్డ్ ఒక్కరోజు కూడా మిస్ అవకుండా రాసినందుకు అంకుల్. కరెక్ట్‌గా రాసినందుకు కాదు. అది సెపరేట్."

ఆరువందల మంది చప్పట్లు కొట్టారు. ఆయన నాలుగు పేజీల ఉపన్యాసం జేబులోనే ఉంచుకుని, మైకు ముందు నిలబడి, ఆ సెపరేట్ ఏదో తన భార్యకి ఇవ్వమని చెప్పాడు. పద్మ కూర్చున్న చోటి నుంచే, ఇప్పుడేమీ వద్దని, ఈసారి అక్క కూతురి పెళ్ళికి మాత్రం ఈయన రావాలని అంది. హాలంతా వినపడింది. ఆయన ఆ హాల్లోనే, అందరి ముందరా ఒప్పుకున్నాడు.

ప్రొఫెసరు గారు తన పేపరు వెనక్కి తీసుకున్నారట. వాతావరణ కార్యాలయంలో ఇప్పుడు రాడార్ తెర పక్కన ఇండియన్ స్టోర్ వాళ్ళ తెలుగు క్యాలెండర్ ఒకటి వేలాడుతోంది, ఎవరూ దాన్ని చూడకుండా ఏప్రిల్ లెక్కల మీద సంతకం పెట్టడం లేదు.